కొన్న గేమ్ మనదేనా?

తగరపువలస మార్కెట్‌లో డబ్బిచ్చి కొన్న వస్తువుని అమ్మినవాడు ఇంటికొచ్చి పట్టుకుపోడు కదా! కంప్యూటర్ గేమ్స్‌లో మాత్రం ఇది మామూలైపోతోంది.

యుబిసాఫ్ట్ 2014లో వచ్చిన తన 'ద క్రూ' గేమ్ సర్వర్లని 2024 మార్చి 31న ఆపేసింది. ఒక్కరే కూర్చుని ఆడుకునేవాళ్లకి కూడా అది పనికిరాకుండా పోయింది. ఎందుకంటే గేమ్ మొత్తం సర్వర్‌కి కనెక్ట్ అయితేనే నడుస్తుంది.

స్టీమ్‌కి వంక పెట్టడానికి అంతా లేదు. 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకుండా అడిగితే డబ్బు వెనక్కిస్తుంది. మీరు కొనేది లైసెన్స్ మాత్రమేనని 2024 అక్టోబర్ నుంచి డబ్బు కట్టేచోటే చెబుతోంది కూడా. కానీ చెప్పినంత మాత్రాన గేమ్ మన సొంతమైపోదు.

పైగా రెడ్ డెడ్ రిడంప్షన్ 2కి 150 జీబీ జాగా కావాలి. రోజుకి 2 జీబీ మొబైల్ డేటాతో అంత దించాలంటే 75 రోజులు! సెమిస్టర్ సగం అయిపోతుంది.

జీఓజీలో ఇన్‌స్టాలర్ దించి దాచుకుంటే నెట్ లేకపోయినా ఆడొచ్చు. అంటే దారి ఉంది, మనసే లేదు. సర్వర్ ఆపేముందు ఆఫ్‌లైన్ ప్యాచ్ ఇవ్వాల్సిందే. రేపు ఆ కోడ్ రాసేది మనమే, గుర్తుంచుకుందాం.