దంత కళాశాల వచ్చింది... మన గుమ్మం దాకా వచ్చిందా?

పన్ను సలిపితే మనమేం చేస్తాం? లవంగం దవడన పెట్టుకుంటాం. ఉప్పునీళ్లు పుక్కిలిస్తాం. మందులషాపు నుంచి నొప్పి బిళ్ల తెప్పించుకుని వేసుకుంటాం. కాస్త తగ్గితే హమ్మయ్య అనుకుని పనిలో పడతాం. పిల్లాడి పన్ను నొప్పంటే ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు పరుగెత్తే తల్లి, తన పన్ను సంగతి మాత్రం పండగ వెళ్లాక చూద్దామంటుంది. చివరికి దవడ వాచాక వెళ్తే చాలాసార్లు మిగిలేది పీకించుకోవడమే.

ఈ వాయిదాకి ఒకప్పుడు దూరం ఒక కారణం. ప్రభుత్వ దంత కళాశాల 1959లో వచ్చింది హైదరాబాదులో. కోనసీమ నుంచి అది రాత్రంతా ప్రయాణం. ఇప్పుడు ఆ సాకు లేదు. భీమవరంలో విష్ణు దంత కళాశాల 2002లో మొదలైంది. రాజమండ్రి దగ్గర రాజానగరం మండలంలో జి.ఎస్.ఎల్., లెనోరా కళాశాలలున్నాయి. అమలాపురంలోనే కిమ్స్ దంత కళాశాల ఉంది. కొత్తపేట వాళ్లు రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లొచ్చు. రాజోలు వాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం చేరొచ్చు. చుట్టూ ఇన్ని కళాశాలలుండగా మన లవంగం ముక్క ఇంకా ఎందుకు దవడనే ఉంది?

కళాశాల ప్రగతి అంటే భవనాలు, సీట్లు, అచ్చయిన పరిశోధనా వ్యాసాలు లెక్కపెట్టడం మామూలు. బోధన, పరిశోధన, సేవ అని మూడు గదులు గీసి మార్కులేస్తారు. నిజానికి ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నడవాలి.

ముందు బోధన సంగతి. దంత వైద్యం పుస్తకాలతో వచ్చేది కాదు, చేత్తో నేర్వాల్సిన విద్య. విద్యార్థి పన్ను పీకాలన్నా, పిప్పిపన్ను పూడ్చాలన్నా, కట్టుడు పళ్లు అమర్చాలన్నా ఎదురుగా రోగి కూర్చోవాలి. అందుకే కళాశాల ఆస్పత్రుల్లో బయటి క్లినిక్కుల కంటే సాధారణంగా తక్కువ ఖర్చవుతుంది. మనకి వాళ్లెంత అవసరమో, వాళ్లకి మనమూ అంతే అవసరం. ఈ మాట గుర్తుంటే అక్కడికి వెళ్లడానికి బెరుకు పోతుంది. పైగా ఇప్పుడు చాలా కళాశాలల్లో అమ్మాయిలే ఎక్కువ. మగ డాక్టరు ముందు నోరు తెరవడానికి సంకోచించే పెద్దవాళ్లకి ఇది చిన్న సౌకర్యం కాదు.

అయితే ఇక్కడొక చిక్కుంది. విద్యార్థి చేసే పని ప్రతి మెట్టులోనూ మాస్టారు చూసి సరేననాలి. అందుకే ఆలస్యమవుతుంది. ఒక రూట్ కెనాల్‌కి మూడుసార్లు రమ్మన్నారనుకోండి. కూలికి వెళ్లే మనిషికి అది మూడు రోజుల కూలి, మూడుసార్లు బస్సు చార్జీ. వైద్యం చవకే కావచ్చు, రావడం పోవడం చవక కాదు. సగంలో మానేసిన పన్ను మళ్లీ తిరగబెడుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి ముందుగా టైమిచ్చి, వీలైనంత పని ఒకే రోజు పూర్తిచేసే ఏర్పాటు చేస్తే అది కొత్త భవనం కంటే పెద్ద ప్రగతి.

ఇక సేవ. 2007 నాటి డెంటల్ కౌన్సిల్ నిబంధనల్లో బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, తర్వాత ఏడాది హౌస్‌సర్జన్సీ. ఆ ఏడాదిలో 3 నెలలు సామాజిక దంత వైద్యానికి, గ్రామీణ సేవకి కేటాయించారు. ఏటా 100 మంది హౌస్‌సర్జన్లుండే కళాశాలని తీసుకుని లెక్క కట్టండి. 300 నెలల పని! అంటే ఏడాది పొడుగునా 25 మంది యువ వైద్యులు పల్లెల్లో ఉన్నట్టే. కానీ ఆ మూడు నెలలూ ఒక్కపూట శిబిరాలతో సరిపోతే లాభమేముంది? నోరు తెరిపించి, చీటీ రాసి, పేస్టు చేతిలో పెట్టి వెళ్లిపోతే అది సేవ కాదు. ఆ చీటీ పట్టుకుని ఎంతమంది కళాశాలకి వెళ్లారు, ఎంతమందికి వైద్యం పూర్తయింది అన్నదే అసలు లెక్క.

పరిశోధన మనకెందుకంటారా? శ్రీకాకుళం కథ వినండి. అక్కడి పల్లెల్లో చాలామంది ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. దాన్నే అడ్డపొగ అంటారు. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి దంత వైద్య పరిశోధకుడు ఫాలీ మెహతా, వాళ్ల సహచరులు 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. ఆ వేడికి, పొగకి అంగిలి ఎలా పాడవుతుందో లోకానికి తెలిసింది. వాళ్లు అక్కడితో ఆగలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లని ఎంచుకుని, మానెయ్యమని నచ్చచెబుతూ మళ్లీ మళ్లీ వెళ్లి పరీక్షించారు. నచ్చచెబితే మానేవాళ్లున్నారనీ, క్యాన్సరుకి దారితీసే మచ్చలు తగ్గుతాయనీ 1986లో తేల్చారు. పరిశోధన అంటే అదీ! అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో చుట్ట కాల్చే అమ్మమ్మలకీ, నశ్యంతో పళ్లు తోముకునేవాళ్లకీ ఇలాంటి పరిశోధనే కావాలి.

మన వంతు కూడా ఉంది. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్నది ఒట్టి భయం. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్లు వాచి రక్తం రావచ్చు. అప్పుడు వైద్యం చేయించుకోకూడదనుకోవడం పొరపాటు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మరీ అనుకూలమైన సమయం. షుగరున్నవాళ్లకి చిగుళ్లు త్వరగా చెడతాయి, చిగుళ్లు చెడితే షుగరూ అదుపు తప్పుతుంది. నోట్లో పుండు గానీ తెల్లమచ్చ గానీ రెండు వారాల్లో మానకపోతే ఇక వాయిదా వద్దు.

డ్వాక్రా సంఘం సమావేశంలో అప్పుల లెక్కలు ఎలాగూ మాట్లాడుకుంటాం. అందరం కలిసి దగ్గర్లోని దంత కళాశాలకి ఒక ఉత్తరం రాద్దాం. మీ హౌస్‌సర్జన్లని మా ఊరికి నెలకోసారి పంపండి, వచ్చినవాళ్లే మళ్లీ నెలా వచ్చి చూడాలి అని అడుగుదాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన పళ్ల కోసం మనమే అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?