బ్రాకెట్లో అర్రే అని తగిలిస్తే సరిపోతుందా?

పీహెచ్‌పీ 8 వచ్చింది 2020 నవంబరులో. అప్పట్నించీ పాత ప్లగిన్లు బాగుచేసే పని తగిలినప్పుడల్లా అదే గోల: ఇన్_అర్రే కి రెండో ఆర్గ్యుమెంటు అర్రే అవ్వాలి, నువ్వు ఫాల్స్ ఇచ్చావు అని. పీహెచ్‌పీ 7 దాకా ఇది ఉత్త వార్నింగు, లాగ్ ఫైల్లో పడుండేది. ఇప్పుడు టైప్ ఎర్రర్, పేజీ మొత్తం ఆగిపోతుంది.

దీనికి మనవాళ్ళు (నేనూ ఆ బాపతే) చేసే వైద్యం ఒకటుంది. ముందు బ్రాకెట్లో అర్రే అని తగిలించి కాస్ట్ చేసెయ్యడం. ఎర్రర్ మాయం, టికెట్ క్లోజ్. మిగతాచోట్ల ఏమోగానీ, పర్మిషన్ చూసే కోడ్‌లో ఇది చేస్తే కొంప మునుగుతుందని నా వాదన.

నా నిర్వాకమే చెప్తాను. ఒక వర్డ్‌ప్రెస్ ప్లగిన్లో, రిపోర్టులు ఎవరెవరు చూడొచ్చో వాళ్ళ ఐడీలు ఒక ఆప్షన్లో ఉంటాయి. వచ్చినవాడి ఐడీ ఆ లిస్టులో ఉందా అని ఇన్_అర్రే చూస్తుంది. కొత్త సైట్లో ఆ ఆప్షన్ ఇంకా సేవ్ కాలేదు కాబట్టి గెట్_ఆప్షన్ ఫాల్స్ ఇస్తుంది. దాన్ని కాస్ట్ చేస్తే ఖాళీ అర్రే వస్తుందనుకున్నా. రాదు! ఫాల్స్ అనే ఒక ఐటమ్ ఉన్న అర్రే వస్తుంది (నల్‌ని కాస్ట్ చేస్తేనే ఖాళీది). ఇక లాగిన్ కానివాడి ఐడీ వర్డ్‌ప్రెస్‌లో సున్నా. సున్నా, ఫాల్స్ సమానమా అంటే పీహెచ్‌పీ సమానమే అంటుంది, 8 లో కూడా. అంటే ముక్కూమొహం తెలీనివాడికి రిపోర్టులు కనిపిస్తాయి, లాగినైన ఉద్యోగికి మాత్రం "అనుమతి లేదు"! నేను లాగినయ్యే టెస్ట్ చేశా, అనుమతి లేదంది, లిస్టు ఖాళీ కదా కరెక్టే అనుకున్నా. టెస్టింగ్ అమ్మాయి సెషన్ ఎక్స్‌పైరయ్యాక పేజీ రిఫ్రెష్ కొట్టబట్టి బయటపడింది. పాత వార్నింగు రోజుల్లో ఇన్_అర్రే నల్ ఇచ్చేది, తలుపు మూసే ఉండేది. నేను రిపేరు చేశాకే తెరుచుకుంది.

మూడో ఆర్గ్యుమెంటు ట్రూ ఇచ్చి స్ట్రిక్ట్‌గా పోల్చొచ్చుగా అంటారు. ఇవ్వాల్సిందే. కానీ ఫారం నుంచి వచ్చిన ఐడీలు స్ట్రింగులు, స్ట్రిక్ట్ అనగానే అవి కలవవు, అప్పుడు లిస్టు మొత్తానికి ఇంట్‌వాల్ కొడతాం. ఫాల్స్‌కి ఇంట్‌వాల్ ఎంత? సున్నా. మళ్ళీ మొదటికొచ్చాం.

ఇప్పుడు నేనైతే ముందు ఈజ్_అర్రే తో అడుగుతున్నా, కాకపోతే అక్కడే వెనక్కి పంపేస్తున్నా. ఐడీ సున్నా అయితే లిస్టు దాకా వెళ్ళనే వెళ్ళను. వీలున్నచోట ఈ సొంత లిస్టులు మానేసి, ఒక కెపాబిలిటీ పెట్టుకుని కరెంట్_యూజర్_కెన్ ని అడగడం ఇంకా మేలు. పీహెచ్‌పీ 8 సైట్లు పడగొడుతోందని తిట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. పర్మిషన్ కోడ్ వరకూ నాకు పడిపోయిన పేజీయే నయం. క్లయింటు ఫోన్ చేసి అరుస్తాడు, అరవనీండి.