చెరిపిన చోట ఏముంది?

అసలు నిజమైన ఫొటో అనేదే లేదని 2024లో శామ్‌సంగ్ ఉన్నతాధికారి ఒకాయన సెలవిచ్చారు. బొమ్మలోని మనిషిని వేలితో చుట్టి మాయం చేయగల గెలాక్సీ ఎస్24 విడుదలైన రోజులవి. అమ్మేవారికి ఆ వేదాంతం అవసరమే. కొనేవారు కూడా దాన్ని వల్లించడమెందుకో నాకు బోధపడదు.

స్టూడియోల్లో నెగటివు మీద పెన్సిలుతో మెరుగులు దిద్దలేదా అంటారు. దిద్దారు. మొటిమ పోయేది, బుగ్గ మాత్రం ఆ మనిషిదే. ఇప్పుడు చార్మినారు ముందు దిగిన బొమ్మలోంచి గాజుల బండిని చెరిపితే ఆ ఖాళీలోకి వచ్చేది బండి వెనకనున్న గోడ కాదు. ఆ గోడను కెమెరా చూడనేలేదు. ఎవరెవరి చిత్రాల నుంచో నేర్చిన యంత్రం అక్కడ ఉండదగినదేదో ఊహించి అతికిస్తుంది. ఇది దిద్దుబాటు కాదు, కల్పన. కథలు వ్రాసేవాళ్ళం, కల్పన మీద మనకు కోపమేమీ లేదు. కథను కథ అనే చెబుతాం, అంతే తేడా.

లాలా దీన్‌దయాళ్ తీసిన నాటి హైదరాబాదు చిత్రాల్లో నా కళ్ళు వెతికేది నవాబులను కాదు, ఎవరూ పిలవకుండానే అంచున నిలబడ్డవాళ్ళను. వాళ్ళలో చాలామందికి లోకంలో మిగిలిన ఆనవాలు అదొక్కటే కావచ్చు. 2021లో పిక్సెల్ 6తో వచ్చిన మ్యాజిక్ ఇరేజర్ సరిగ్గా అలాంటివాళ్ళనే వెతికి పట్టుకుని, తీసేయమంటారా అని తానే అడుగుతుంది!

ఎస్24 మార్చిన బొమ్మకు మూలన చిన్న గుర్తు వేస్తుందట, నిజాయితీ కోసం. ఆ మూలను కత్తిరించడానికి అదే ఫోను చాలు.