పట్టాల క్రింది కొయ్యపీఠము

మన సంగారెడ్డి పట్టణమునకు నేటికిని రైలుదారి లేదు. వాడీ నుండి సికింద్రాబాదునకు నిజాము రాజ్యపు రైలు 1874 లో నడువ మొదలిడినను, ఆ దారి శంకరుపల్లి, లింగంపల్లి గ్రామముల మీదుగా మనకు దక్షిణమున సాగిపోయెను. రైలు చూడగోరిన మన బాలురు అచటికో, పడమట జహీరాబాదునకో పోవలసినదే. దూరమున నుండుటచేతనే కాబోలు, రైలనిన మన పిల్లలకు మక్కువ మెండు. పుట్టినరోజునకు బొమ్మరైలు కొనియిచ్చు తల్లిదండ్రు లిప్పుడు పెక్కుమంది కలరు. ఆ రైలును గూర్చి కాక, దాని క్రింద నుండవలసిన కొయ్యపీఠమును గూర్చి యీ సంచికలో నాలుగుమాటలు వ్రాయ దలంచితిమి. మా యభిప్రాయ మిది: రైలు కొనుటకు ముందే పీఠము సిద్ధము కావలయును, దానిని అంగడినుండి తేక బాలబాలికలే తమ చేతులతో చేయవలయును, ఆ పనికి పాఠశాలయందు వేళ కేటాయింపవలయును.

రైలును నేలమీదనో, భోజనపు బల్లమీదనో పఱచి నడపిన నేమి లోపమని కొందఱడుగుదురు. లోపము లెక్కలో నున్నది. అంగళ్లలో హెచ్ ఓ యను పేర దొరకు బొమ్మరైలు అసలు రైలులో 87వ వంతు. దాని పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. కావున బొమ్మపట్టాల అతుకుకడ నొక్క మిల్లీమీటరు మెట్టున్నచో, అది అసలు రైలునకు 87 మిల్లీమీటర్ల మెట్టుతో సమానము. అంతటి మెట్టుమీద ఏ యింజినీరును బండి నడువనీయడు. నేలబండల సందులును, చాప మడతలును ఇట్టి మెట్లనే కలిగించును. రైలు ఒరగి పడిపోవును. బాలుడు రైలును నిందించును, తండ్రి అంగడివానిని నిందించును. తప్పు క్రింద నున్నదేమో యని వంగి చూచువారు అరుదు.

వాలు సంగతియు నిట్టిదే. మన రైల్వేవారు స్టేషను ఆవరణలలో పట్టాల వాలు 400 కు 1 మించరాదని నియమము పెట్టుకొనిరి. 1200 కు 1 మించకున్న మఱింత మేలందురు. నాలుగడుగుల బల్ల కీ లెక్క చూడుడు. ఒక కొన రెండవ కొనకంటె 3 మిల్లీమీటర్లు పల్లమైనచో ఆ హద్దు చేరినట్లే. ఒక అంగుళము పల్లమైనచో నిలిపిన పెట్టెలు తమంత తామే దొర్లిపోవును.

అసలు రైలు విషయమున ఈ మాట ప్రాణములతో ముడిపడియున్నది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబునగరు నడుమ వంతెన కూలి నూఱుమందికి పైగా మరణించిరి. 2005 అక్టోబరు 29వ తేదీన వలిగొండకడ వఱదనీరు చిన్న వంతెనను కోసివేయగా, డెల్టా పాసింజరు పెట్టెలు ప్రవాహమున పడి మరల నూఱుమందికి పైగా పోయిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీన మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రము స్టేషనుల నడుమ కట్ట కొట్టుకొనిపోయెను. పట్టాలును, వాని నంటియున్న స్లీపరులును గాలిలో వ్రేలాడుచుండుట చిత్రములలో మన మందఱము చూచితిమి. అచట ఉక్కు కొఱవడలేదు. ఉక్కును మోయు మన్ను కొఱవడెను.

పటాన్‌చెరువు, పాశమైలారము, రామచంద్రపురము కర్మాగారములలో పనిచేయు తండ్రుల కీ సంగతి మేము చెప్పనక్కఱలేదు. లేతు యంత్రమును నిలుపునపుడు మొదట రసమట్టముతో దాని పడకను సరిచూతురు. పడక మెలిదిరిగియున్నచో ఎంత నేర్పరి పనివాడైనను కడ్డీని ఒకే లావుగా తీయలేడు. ఒక కొన లావుగను, ఒక కొన సన్నముగను దిగును. తాము దినదినము పాటించు నీ సూత్రమును ఆ తండ్రులు తమ యింటి పిల్లలకు చూపుటకు బొమ్మరైలు పీఠముకంటె సులువైన సాధనము మాకు కానరాదు.

ఇక పీఠము సంగతి. మేము సూచించునది 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గలది. ఈ కొలతకు రెండు కారణములు కలవు. హార్న్‌బీ వారి పట్టాలలో మిక్కిలి చిన్న వంపునకు వ్యాసార్ధము 371 మిల్లీమీటర్లు, వ్యాసము 742. మూడడుగులనగా 914 మిల్లీమీటర్లు గాన, వంపునకు ఇరువైపుల 86 మిల్లీమీటర్ల చొప్పున చోటు మిగులును. బండి ఒరిగినను పీఠముమీదనే పడును గాని నేలమీద పడదు. రెండవ కారణము గణితము. మూడు, నాలుగు అడుగుల భుజములు గల దీర్ఘచతురస్రమునకు కర్ణము సరిగా 5 అడుగులు. చట్టము బిగించునపుడు మూలనుండి మూలకు కొలత పట్టి, రెండు కర్ణములును 5 అడుగులే యగునట్లు సవరించినచో నాలుగు మూలలును సమకోణములగును. పైథాగొరసు సిద్ధాంతమును నల్లబల్లమీద పదిమాఱులు చూచిన బాలుడు, తాను కోసిన కొయ్యలమీద దాని నొక్కమాఱు చూచినచో మఱువడు.

చట్టమునకు 3 అంగుళముల వెడల్పు, ముప్పాతిక అంగుళము మందము గల పట్టెలు చాలును. నిలువు పట్టెలు రెండు. ఒక్కొక్కటి 48 అంగుళములు. వాని నడుమ అడ్డపట్టెలు నాలుగు: కొనలయందు రెండు, లోపల ఇంచుమించు 16 అంగుళముల దూరమున రెండు. అడ్డపట్టె పొడవెంత యని తరగతిలో నడిగిన పెక్కుమంది 36 అందురు. అట్లు కోసినచో పీఠము వెడల్పు 37½ అంగుళములగును. ఇరువైపుల నిలువు పట్టెల మందము ఒకటిన్నర అంగుళమును తీసివేసి 34½ కోయవలయును. ఈ తీసివేత రెండవ తరగతి లెక్కయే. కాని రంపము చేతబట్టినప్పుడు గాని అది యెందుకో తెలియదు.

విద్యుత్తీగలు పోవుటకు అడ్డపట్టెలలో అంగుళము రంధ్రములు బిగింపునకు ముందే బరమాతో తొలిచి యుంచవలయును. పిమ్మట తొలుచుట కష్టము. మరమేకు దిగుచోట మొదట సన్నరంధ్రము చేయనిచో పట్టె కొన చీలును. అతుకులకు జిగురు పూసి మరమేకుతో బిగించి, కర్ణములు కొలిచి, జిగురు ఆఱువఱకు కదల్పరాదు. పైని 9 లేక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలక నుంచవలయును. కాళ్లు పెట్టినచో ప్రతి కాలికిని ఏటవాలుగా నొక బద్ద కావలయును. నాలుగు పట్టెల చతురస్రము త్రోసిన ఒరుగును, త్రిభుజము ఒరుగదు.

కొయ్య యెక్కడిది? మన ప్రాంతమున దీనికి కొదువ లేదు. కర్మాగారములకు యంత్రములు వచ్చు పెట్టెల చెక్కలును, సరకు నిలుపు ప్యాలెట్లును పాతవి దొరకును. అడిగి తెచ్చుకొనవలయును గాని, గోడప్రక్కన నున్నదిగదా యని ఎత్తుకొని రాదగదు. విదేశ వాణిజ్యపు ప్యాలెట్లమీద గోధుమకంకి గుర్తుతో ముద్ర యుండును. అందు హెచ్.టి. యని యున్నచో ఆ కొయ్యను నడిమివఱకు 56 డిగ్రీల వేడిలో 30 నిమిషములుంచి పురుగులను చంపినారని యర్థము. ఎం.బి. యని యున్నచో మిథైల్ బ్రోమైడు అను విషవాయువు పట్టించినదని తెలియవలయును, దానిని విడువవలయును. ముద్ర యేదైనను, మందుల కర్మాగారములనుండి వచ్చిన మరకల కొయ్యను పిల్లలు ముట్టరాదు. ఈ హెచ్చరికను తల్లిదండ్రులు తేలికగా తీసికొనకుందురుగాక.

కొయ్య ఋతువును బట్టి మాఱును. వైశాఖపు ఎండలకు కుదించును, శ్రావణపు తేమకు ఉబ్బును. పొడవున మార్పు స్వల్పము, అడ్డముగా నెక్కువ. ప్లైవుడ్డు పొరలు ఒకదానికొకటి అడ్డముగా అతికియుండుటచే తక్కువగా కదలును. అయినను పైభాగమునకు మాత్రమే రంగు పూసి అడుగుభాగమును వట్టిగా విడిచినచో అడుగు తేమ పీల్చి పలక వంగును. కనబడు ముఖమునకెంత రంగో, కనబడని ముఖమునకు నంతే రంగు పూయవలయును.

మా సూచనకు ఆక్షేపణలు లేకపోలేదు. రంపము, ఉలి పిల్లల చేతికిచ్చుట ప్రమాదమని తల్లు లందురు. ఆ భయము న్యాయమైనదే. దానికి విరుగుడు పట్టుబల్ల, పదునైన పనిముట్టు, ప్రక్కన నిలిచిన పెద్దవాడు. మొద్దుబాఱిన ఉలియే జారి చేయి కోయును. విద్యుత్తు రంపము పిల్లలకు వలదు, చేతిరంపము చాలును. మఱికొందఱు, అంగడిలో తయారైన తలుపురెక్కను తెచ్చి రెండు బల్లలపై పెట్టిన పని తీఱును గదా యందురు. రైలునకు తీఱును, మేము కాదనము. బాలునికి తీఱదు. ఆ తలుపు ఎందుకు చదునుగా నున్నదో, ఎవరు చదును చేసిరో అతనికి తెలియకయే పోవును.

పరీక్షలకు వేళ చాలదనుట మూడవ యాక్షేపణ. ఇదియే బలమైనది, ఇదియే మమ్ము బాధించునది. ఫిన్లండు దేశమున 1866 లోనే ఊనో సిగ్నేయసు ప్రేరణచే పాఠశాలలలో చేతిపని విధిగా చేయబడెను. మన దేశమున 1937 లో వార్ధా సభ పిమ్మట చేతిపనిని చదువునకు కేంద్రముగా నుంచిన ప్రణాళికను సిద్ధపఱచిన సంఘమునకు అధ్యక్షుడు, 1897 లో మన హైదరాబాదున జన్మించిన జాకిరు హుసేను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, ఆఱు మొదలు ఎనిమిది తరగతుల బాలురు పుస్తకముల సంచి లేక పదిదినములు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి యొద్ద పని నేర్వవలెనని చెప్పుచున్నది. కాగితముమీద దారి యున్నది. కాని పరీక్షల నెల వచ్చినచో మొదట పోవునది చేతిపని గంటయే యని బడినెఱిగిన వారికెల్ల తెలియును.

ఇందు గంటకంటె పెద్ద నష్టమొకటి కలదు. మన తరగతులలో వడ్రంగుల పిల్లలు, ఫిట్టరుల పిల్లలు, దినకూలీల పిల్లలు కూర్చుండియున్నారు. తండ్రి వృత్తి యేమని యడిగినచో వారిలో కొందఱు తలవంచుకొందురు. కొందఱు "కంపెనీలో ఉద్యోగ"మని దాటవేయుదురు. చేతిపని చదువురాని వారి పాలిటిదని మేమెవ్వరమును నోట చెప్పలేదు. కాని ఏడాది పొడవున ఏ పనికి మార్కులిచ్చితిమో, ఏ పనికి ఈయలేదో ఆ పిల్లలు చూచుచునే యున్నారు. పీఠము చేయు దినమున మాత్రము తరగతిలో వరుస మాఱును. గణితమున మొదటివాడు పట్టెను వంకరగా కోయును. వెనుకబల్ల వడ్రంగి కుమారుడు వాని ముంజేయి పట్టుకొని, రంపమును నొక్కక లాగుమని చూపును. ఆ తరువాత కర్ణము లెక్క వచ్చినపుడు మొదటివాడు ఇతనికి చెప్పును. ఇద్దఱును కూడి చేసిన పీఠము ఒక్కరు చేసిన దానికంటె నిజముగా మేలైనది. ఆ బాలుని తండ్రిని ఆ పదిదినములును పాఠశాలకు పిలిచి, కుర్చీ వేసి, వేతనమిచ్చి, గురువుగా నిలుపుట మనకు తగును. కర్ర మోయుటకు మాత్రమే పిలుచుట తగదు.

కావున మా మనవి. తల్లిదండ్రులారా, ఈ యేడు బొమ్మరైలు కొనదలంచితిరేని మొదట నాలుగు పట్టెలు, ఒక చేతిరంపము, ఒక మూలమట్టము కొనుడు. పీఠము నిలిచిన దినమున రైలు తెండు. ఉపాధ్యాయ మిత్రులారా, ఎనిమిదవ తరగతివారికి ఆ పదిదినములను ఏ పరీక్షకును అరువీయకుడు. విద్యార్థులారా, రానున్న వార్షికోత్సవమున రైలును నడిపి చూపుటకు ముందు పీఠమును తలక్రిందులుగా నుంచి పెద్దలకు చూపుడు. అతుకులు, రంధ్రములు, ఏటవాలు బద్దలు, అడుగున పూసిన రంగు వారు చూతురుగాక. మార్కులు వేయువారు ముందుగా దానికి వేసి, పిమ్మట రైలును పైకెక్కించుటకు సెలవిత్తురుగాక.