మేలుకొనని యంత్రము

కంప్యూటరు వంటపొయ్యివలె నిత్యము వాడు వస్తువై చాల యేండ్లయినది. పొయ్యి వెలుగకున్నచో సిలిండరు చూతుము, గొట్టము చూతుము, బర్నరు కడిగి వెలిగింతుము. కంప్యూటరు లేవకున్నచో మాత్రము చేతులు ముడుచుకొని దుకాణదారునకు కబురంపుదుము. ఆ యినుపపెట్టె లోపల మనకు చూడరానిదేదియో కలదని భయము. కాన ఈ నెల ఒక్క చిక్కునే తీసికొనుచున్నాను. క్రొత్త ర్యాము వేయించిన పిదప బల్లమీది కంప్యూటరు లేవదు. లోపలి ఫ్యానులు తిరుగును, దీపములు వెలుగును, తెర మాత్రము అమావాస్య రాత్రివలె నుండును.

మా గచ్చిబౌలియందు ఈ మొర తరచుగా వినవచ్చును. బౌలి యనగా మెట్లబావి. పేరులో బావినుంచుకొన్న యీ పల్లె, 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు నెలవై, 1998లో ఐ.ఐ.ఐ.టి. వచ్చి, ఆ యేటనే ప్రక్కనున్న మాదాపురమున సైబర్ టవర్స్ తెరువబడిన తరువాత గుర్తింపరానంతగా మారినది. ర్యాము చేయు మైక్రాన్ అను అమెరికా కంపెనీవారు సైతము 2019లో ఈ నగరమున తమ కేంద్రమొకటి తెరచిరి. ఇంటికొకరు కంప్యూటరు కొలువువారే. అయినను దీపము క్రిందనే చీకటి. కొలువులో వందల యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు కుమారుడు ఇంటి పెట్టె మూత తీసి యెరుగడు.

2025 చివరి నెలలలో కృత్రిమ మేధకై కట్టుచున్న మహాకేంద్రములు ర్యాము చిప్పులను రాసులుగా కొనుటచే వాని ధరలు మిక్కిలి పెరిగినవి. అట్టి ధరలలో క్రొత్త యంత్రము కొనలేనివారు పాతదానికే మరియొక ర్యాము స్టిక్కును చేర్పింతురు. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు అంగళ్లకు పోయి, ఒకరు వాడి విడిచినదైనను వెదకి తెత్తురు. ఒక జాతి స్టిక్కు ప్రక్కన మరియొక జాతి స్టిక్కు చేరును. చిక్కులకు అచ్చటనే నాంది.

అవధానము చూచినవారికి ర్యాము స్వభావము సులభముగా తెలియును. అవధాని యింటనున్న గ్రంథములు వేరు, సభలో అతని ధారణ వేరు. గ్రంథములు డిస్కువంటివి. పృచ్ఛకులిచ్చిన సమస్యలను, దత్తపదులను ఏకకాలమున మనసున నిలుపుకొను ధారణ ర్యామువంటిది. సభ ముగిసిన పిదప ధారణ ఖాళీయైనను ఇంటనున్న గ్రంథములకు లోటు రాదు. కాని ర్యాము ధారణ మిక్కిలి చంచలము. 1968లో రాబర్టు డెన్నార్డు అను అమెరికా ఇంజనీరు పేటెంటు పొందిన పద్ధతియందు సమాచారపు ప్రతి కణమును ఒక అతిసూక్ష్మమైన విద్యుత్పాత్రలో నింపుదురు. ఆ పాత్ర చిల్లికుండవలె కారుచునే యుండును. అందుచే సాధారణముగా ప్రతి 64 మిల్లీసెకనులకు, అనగా సెకనునకు దాదాపు 16 మారులు, ప్రతి పాత్రను మరల నింపుచుండవలయును. విద్యుత్తు ఆగెనా, సర్వమును మరచును. పూర్వపు యంత్రముల జ్ఞాపకము ఇట్టిది కాదు. 1960ల అపోలో నౌకలలోని కంప్యూటరు శాశ్వత జ్ఞాపకమును అమెరికా కర్మాగారమున స్త్రీలు సన్నని రాగితీగలను అయస్కాంతపు ఉంగరములగుండ దూర్చి చేతితో అల్లిరి. కుట్టుపని యెరిగిన చేతులకు కంప్యూటరు పరాయిది కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

పై భేదము తెలిసినచో పెద్ద భయము తీరును. ర్యాము తీసినందున ఛాయాచిత్రములు పోవు, లెక్కలు పోవు. అవి డిస్కుమీద భద్రముగా నుండును. ఇక యంత్రమేల లేవదందురా? మీట నొక్కగనే, విండోస్ రాకమునుపే, మదర్‌బోర్డులోని బయాస్ అను చిన్న ప్రోగ్రాము ర్యామును పరీక్షించును. ధారణ కుదరనిదే సభ ప్రారంభింపదు. తెరమీద కారణము వ్రాయుటకు సైతము దానికి ర్యాము కావలయును గనుక నల్లతెరయే మిగులును. కొన్ని బోర్డులు బీప్ శబ్దములు చేయును. మరికొన్నింటియందు డి.ర్యామ్ అని వ్రాసియున్నచోట చిన్న దీపము వెలుగును. ముందుగా ఆ దీపమును చూడవలయును.

మా వీధిలో భర్తను గోల్పోయిన యొక సోదరి ఇంటనే డి.టి.పి. పని చేసి ఇద్దరు బిడ్డలను చదివించుచున్నది. ఒక ప్రచురణకర్తకు అయిదు దినములలో నాలుగువందల పుటల గ్రంథము అందింపవలసియుండగా, యంత్రము మందగించుచున్నదని, ఉన్న 8 జీబీ స్టిక్కునకు తోడుగా మరియొక 8 జీబీ వేయించెను. అంతట యంత్రము లేవలేదు. దుకాణదారుడు తెర చూచి, బోర్డు కాలినదనియు, మార్చవలయుననియు, డిస్కులోనిది దక్కునో లేదో చెప్పలేననియు అనెను. అతడు చెప్పిన వెల ఆమె నెల రాబడికి మించినది. బోర్డు కాలెనో లేదో అరగంటలో ఇంటనే తేల్చుకొనవచ్చును. ఈ సంగతి అతడెరుగడని నేననుకొనను. ఆమె బోర్డు కొనక యంత్రమును ఇంటికి తెచ్చుకొనెను. మరునాడు ఆమెయు, ఇంటరు చదువు ఆమె కూతురును, నేనును కూర్చుండి చేసిన పని యిది.

ముందుగా గోడ స్విచ్చి ఆపి, తీగ ఊడదీసి, పెట్టె మీటను అయిదారు సెకనులు నొక్కి పట్టవలయును. లోపల నిలిచిన విద్యుత్తు అంతటితో పోవును. గాజులు, ఉంగరములు తీసి ప్రక్కనుంచవలయును. నైలాను, పాలిస్టరు చీరెలు మాని నూలుచీరె కట్టుట మేలు. పొడిగాలి కాలమున ఆ చీరెల రాపిడిచే పుట్టు విద్యుత్తు మన చేతికి చురుక్కుమని తగులును, చిప్పునకైతే ప్రాణాంతకము. రంగు వేయని ఇనుపభాగమును అప్పుడప్పుడు ముట్టుకొనుచు పని చేయవలయును. తీగలన్నియు ఎట్లున్నవో ఫోనుతో చిత్రము తీసియుంచుకొన్నచో తిరిగి బిగించుటకు తడుముకొననక్కరలేదు.

తరువాత జాతి చూడవలయును. డి.డి.ఆర్.3 స్టిక్కునకు 240 పలుచని బంగారుపూత పళ్ళుండును. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 రెండింటికిని 288. కాని నడిమి గంటు వేరువేరు చోటుల నుండును గనుక ఒకదాని స్లాటులో మరియొకటి కూర్చుండదు. వాని విద్యుత్తును వేరు. మూడవదానికి 1.5 వోల్టులు, నాలుగవదానికి 1.2, అయిదవదానికి 1.1. గంటు కలియకున్నచో బలము చూపరాదు. అది వియ్యమందదగని సంబంధము.

గంటు కలిసిన పిదప రెండు బొటనవ్రేళ్ళతో రెండు కొనలను సమముగా నొక్కవలయును. కొనల నుండు మీటలు టక్కుమని మూసికొనవలయును. కొన్ని బోర్డులకు ఒక కొననే మీట యుండును. అట్టిచోట మీట లేని కొన పైకి లేచియుండినను తెలియదు. చాల యిండ్లలో రోగమింతమాత్రమే. నిండుగా నొక్కినంతనే యంత్రము లేచును. బంగారుపళ్ళు మురికిపట్టినచో కొందరు పెన్సిలు రబ్బరుతో రుద్దుదురు. నాకది నచ్చదు. ఆ పొడి స్లాటులో పడినచో క్రొత్త తంటా. ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డయే మేలు. ర్యాము వేయు తొందరలో చేయి తగిలి ప్రక్క తీగ యేదైన వదులైనదేమో, తెరనుండి వచ్చు తీగ సరిగా నున్నదో చూడవలయును.

అప్పటికిని లేవనిచో రెండు స్టిక్కులును తీసి ఒక్కొక్కదానినే పరీక్షింపవలయును. నాలుగు స్లాటులున్న బోర్డులో సామాన్యముగా ప్రాసెసరునుండి రెండవ స్లాటు ప్రధానము. బోర్డు పుస్తకమున వ్రాసియుండును. పాతది ఒక్కటే వేసి చూడుడు. డి.డి.ఆర్.5 యంత్రములు క్రొత్త స్టిక్కుతో మొదటిసారి కొన్ని నిమిషములవరకు తెర చూపవు. అది పాఠము నేర్చుకొను వేళ. కంగారుపడి మీట ఆపరాదు.

ఆ సోదరి యింట పాతది ఒక్కటే వేయగా యంత్రము లేచెను. బోర్డు కాలలేదనుట ఆ క్షణముననే తేలెను. గ్రంథమంతయు డిస్కుమీద యథాతథముగా నుండెను. ముందుగా దానిని వేరొక పెన్‌డ్రైవులోనికి ఎక్కించిన పిదపనే మిగిలిన పని చేసితిమి. క్రొత్తది ఒక్కటే వేయగా మరల నల్లతెర. ఇక్కడ ఆగియుండినచో క్రొత్త స్టిక్కు చచ్చినదని తిరిగి యిచ్చివేసియుందుము. కాని దాని చీటీమీద 2666 అనియు, పాతదానిమీద 3200 అనియు నుండెను. ఆ బాలిక ఆ యంకెలు చూచి ఆలోచనలో పడెను. పాతది తిరిగి వేసి, యంత్రము లేచునప్పుడు డిలీట్ మీట నొక్కి బయాస్ లోనికి పోగా, ఎక్స్.ఎం.పి. అను అమరిక వెలిగియుండెను. స్టిక్కు చేసినవారు వ్రాసిన మించిన వేగముతో దానిని పరుగెత్తించు నియమమది. ఏ.ఎం.డి. వారి క్రొత్త బోర్డులలో దానికి ఎక్స్‌పో యని పేరు. పాతదాని వేగముతో క్రొత్తదానిని పరుగెత్తింపబోగా అది మొదటి అడుగుననే కూలబడుచుండెను. కొన్ని బోర్డులు తామే తెలిసికొని వేగము తగ్గించును. ఆ బోర్డునకు అంతటి లౌక్యము లేదు. ఎక్స్.ఎం.పి. ఆపి, రెండు స్టిక్కులును వేయగా యంత్రము లేచి, 16 జీబీ చూపెను. రెండును 2666 వేగముననే నడచును. పుటలు దిద్దుటకు ఆ భేదము తెలియదు.

పాతది ఒక్కటియు లేవకున్నచో బయాస్ అమరికలను చెరుపవలయును. విద్యుత్తు తీసి, బోర్డుమీది సి.ఆర్.2032 అను గుండ్రని బ్యాటరీని కొన్ని నిమిషములు తీసి పెట్టిన చాలును. ఇందు రెండు జాగ్రత్తలు. యంత్రపు గడియారము పాత తేదీకి పోవును. తేదీ సరిచేయకున్నచో బ్యాంకు పుటలు తెరచునపుడు భద్రత లేదని తెర మొరపెట్టును. రెండవది ముఖ్యము. కొన్ని విండోస్ యంత్రములలో డిస్కునకు బిట్‌లాకర్ అను తాళముండును. అమరికలు మారినచో అది 48 అంకెల రికవరీ కీ అడుగవచ్చును. ఆ యంకెలు సామాన్యముగా మైక్రోసాఫ్టు ఖాతాలో దొరకును. ముందే కాగితముమీద వ్రాసి బీరువాలో నుంచుట మంచిది. ర్యాము తీసిన పోని గ్రంథము ఆ కీ లేకున్న నిజముగా చేజారును.

యంత్రము లేచిన రాత్రి పని పెట్టక, మెమ్‌టెస్ట్86 అను ప్రోగ్రామును పెన్‌డ్రైవునుండి నడిపి తెల్లవారువరకు విడిచితిమి. ఒక్క తప్పును చూపలేదు. చూపినచో ఆ స్టిక్కును వాడరాదు. లేచినట్లే లేచి, నడుమ పుటలను పాడుచేయును. వారంటీకై రసీదును, స్టిక్కుమీది చీటీని చింపక దాచవలయును. గ్రంథము నాలుగవ దినమున ప్రచురణకర్తకు చేరినది.

ఒక్కొక్క స్టిక్కును ప్రతి స్లాటులోను వేసి, అమరికలు చెరిపి చూచినను నల్లతెరయే యున్నచో దుకాణమునకు పోక తప్పదు. పోవునపుడు ఏ స్టిక్కును ఏ స్లాటున వేసితిరో, ఏ దీపము వెలిగెనో, ఎన్ని బీప్‌లు వినబడెనో కాగితముమీద వ్రాసికొని పొండు. డిస్కును ముందే ఊడదీసి ఇంటనే యుంచుడు. బోర్డును పరీక్షించుటకు దానితో పనిలేదు.