బస్సు ఫ్రీ అయింది, దిగాక నడవడానికి చోటేది?

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్... ఈ ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో ఇలాంటి పథకాలే వచ్చాయి. వీటి మీద జరిగిన చర్చంతా డబ్బుల చుట్టే తిరిగింది. ఖజానాకు భారమెంత, ఆటోవాళ్ల గతేంటి, సీట్ల కోసం తగవులేంటి. బస్సెక్కిన ఆడవాళ్లు ఎక్కడ దిగుతున్నారు, దిగినచోట వాళ్ల కోసం ఏముంది అన్న మాట మాత్రం పెద్దగా వినిపించలేదు.

ముస్లిం కుటుంబాలకు ఈ మాట ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. కడప, ప్రొద్దుటూరు, రాయచోటి లాంటి ఊళ్లలో ఇంటి ఆడవాళ్ల ప్రయాణాలు లెక్కపెడితే వేళ్ల మీద వస్తాయి. ఆస్పత్రి, పెళ్లి, చావు, పుట్టిల్లు, దర్గా ఉరుసు. ఊరికే ఓ పూట బయటికెళ్లి గాలి పీల్చుకుని రావడం అనేది ఆ జాబితాలో ఉండదు. మగపిల్లలకు బైకు ఉంది, మగవాళ్లకు టీ హోటల్ ఉంది. షుగర్ వచ్చిందని డాక్టర్ దగ్గరికి వెళ్లిన అమ్మీకి మాత్రం "రోజూ నడవండమ్మా" అని చీటీ రాసిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మాదిరి శ్రమ కావాలి. ఎక్కడ నడవాలి? సందులో నడిస్తే స్కూటర్లు, మెయిన్ రోడ్డు మీద నడిస్తే లారీలు. చివరికి మిద్దె మీద అటూ ఇటూ తిరగడమే వాకింగ్ అవుతుంది.

ఇప్పుడు బస్సు చార్జీ అడ్డం తొలగింది. మిగిలిన అడ్డాలేంటో చూడాలంటే కడప జిల్లాలో ఒంటిమిట్ట కంటే మంచి చోటు దొరకదు.

కడప నుంచి ఒంటిమిట్ట పాతిక కిలోమీటర్లు. రాజంపేట, తిరుపతి వైపు పోయే బస్సులు ఇటుగానే వెళ్తాయి కాబట్టి దీని కోసం ప్రత్యేకంగా ఓ బస్సు వెతుక్కోనక్కర్లేదు. రాజంపేట వాళ్లకూ దాదాపు అంతే దూరం. చాలా చోట్ల బస్సు దిగాక మళ్లీ ఆటో మాట్లాడుకోవాలి, టికెట్‌లో మిగిలిన డబ్బు అక్కడ పోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. ఊరు, గుడి, చెరువు, గుట్టలు అన్నీ నడిచిపోయే దూరంలోనే. ఒక్క జాగ్రత్త, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒంటిమిట్టలో ఆపుతారా అని కండక్టర్‌ను ఎక్కేటప్పుడే అడగాలి.

"అది రాములవారి ఊరు కదా, అక్కడ మనకేం పని?" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అన్నవాళ్లను తప్పు పట్టడానికి లేదు, కాలం అలా ఉంది. రాష్ట్రం విడిపోయాక భద్రాచలం తెలంగాణకు వెళ్లింది. 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను అధికారికంగా ఒంటిమిట్ట కోదండరామాలయంలోనే జరుపుతోంది, గుడి నిర్వహణ కూడా టీటీడీ చేతికి వెళ్లింది. ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది కల్యాణం రాత్రి జనసందోహమే. కానీ ఆ గుడి దగ్గరే ఇమాంబేగ్ బావి ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

స్థలకథ ఇలా సాగుతుంది. కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ ప్రతినిధిగా ఇమాంబేగ్ అనే అధికారి ఒంటిమిట్ట వచ్చాడు. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అక్కడివాళ్లను అడిగాడు. మనసు పెట్టి పిలిస్తే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిచాడని, మూడుసార్లూ "ఓ" అని బదులొచ్చిందని చెబుతారు. ఆ తర్వాత గుడి నీటి అవసరాల కోసం ఇమాంబేగ్ బావి తవ్వించాడు. బదులు వచ్చిందా లేదా అన్నది ఎవరి నమ్మకం వాళ్లది, తౌహీద్ మీద నిలబడిన ఇంట్లో ఆ ముక్క చెప్పే తీరు వేరుగానే ఉంటుంది. బావి సంగతి వేరు, అది కళ్లెదుట ఉంది. నీళ్లకు కటకటలాడే సీమలో ఒక ముస్లిం అధికారి పేరు వందల ఏళ్లుగా ఓ రామాలయం పక్కన నిలిచి ఉందంటే అది నీళ్ల పుణ్యమే. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (ర) కొని అందరికీ వదిలేసిన సంగతి తెలిసిన పిల్లలకు, సదఖా జారియా అంటే ఏమిటో ఇక్కడ మళ్లీ విడమరిచి చెప్పే పని ఉండదు.

కడప జిల్లాకు ఇలాంటివి కొత్త కాదు. ఉగాది రోజు దేవుని కడప గుడికి వెళ్లే ముస్లిం కుటుంబాలున్నాయి, బీబీ నాంచారి మన ఇంటి ఆడబిడ్డ అని ఆ వరస. పెద్ద దర్గా ఉరుసుకు వచ్చే హిందువుల సంగతి సరేసరి. ఈ ఆచారాలు సరైనవా కాదా అని ఉలమాలు చర్చించుకోవచ్చు. చెరువు గట్టున నడవడానికి అంత చర్చ అక్కర్లేదు. గుడి పరిసరాలకు వెళ్లేటప్పుడు బిర్యానీ డబ్బా ఇంట్లో పెట్టి చిత్రాన్నం కట్టుకుంటే చాలు, ఆ మాత్రం మర్యాద ఇరుగుపొరుగుతో బతికేవాళ్లకు ఒకరు నేర్పేది కాదు.

సముద్రం లేని జిల్లా ఇది. ఇక్కడ నీటి ఒడ్డు అంటే చెరువు కట్టో, పెన్న ఒడ్డో. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు కరుణిస్తే చెరువులు నిండి ఫిబ్రవరి దాకా కళగా ఉంటాయి. మార్చి దాటితే ఎండ నలభై వైపు పరుగు పెడుతుంది కాబట్టి సీమలో నడకకు సీజన్ అంటే ఈ నాలుగు నెలలే. వేళ కూడా ముఖ్యం. చలికాలంలో మగ్రిబ్ ఆరింటికి అటూ ఇటుగా అయిపోతుంది. సాయంత్రం నడక పెట్టుకుంటే అసర్ ఎక్కడ చదవాలి, బస్సు దొరుకుతుందా, చీకటి పడుతుందా అని గుండెల్లో గుబులు. ఫజర్ చదివి, టీ తాగి, తొలి బస్సుల్లో ఒకటి పట్టుకుంటే ఎనిమిదికల్లా ఒంటిమిట్టలో ఉండొచ్చు, జొహర్‌కు ఇల్లు చేరొచ్చు. దూరం గురించి సందేహం ఉన్నవాళ్లకు ఒక మాట. హనఫీ ఉలమాలు సఫర్‌కు సాధారణంగా చెప్పే దాదాపు 78 కిలోమీటర్ల లెక్కకు ఇది దరిదాపుల్లో కూడా లేదు, నమాజ్ ఖసర్ చేయాల్సిన పనే రాదు.

ఒంటిమిట్ట ఒక్కటే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. అదే దారిలో కడప వైపు వెనక్కి వస్తే భాకరాపేట తగులుతుంది. అక్కడ దిగి బద్వేలు వైపు వెళ్లే బస్సెక్కితే సిద్ధవటం. మట్లి రాజుల నాటి రాతికోట, కింద పెన్న. కోట తూర్పు ద్వారం వైపు బిస్మిల్లా షావలీ దర్గా, దాని పక్కనే మసీదు, కోట లోపల సిద్ధేశ్వరుడి గుడి. ఈ ఊరు 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రంగా ఉండేది. వానాకాలం పెన్న పొంగితే రాకపోకలు తెగిపోతున్నాయని కేంద్రాన్ని కడపకు మార్చారు. దారి సరిగ్గా లేక ఒక ఊరు జిల్లా హోదానే పోగొట్టుకుందన్న మాట, రవాణా అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు?

పెన్న దాటితే లంకమల అడవి. అక్కడ మాత్రం ఇష్టమొచ్చినట్టు నడవడానికి వీల్లేదు, అది అభయారణ్యం. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో ఈ ప్రాంతంలోనే మళ్లీ దొరికింది. ఆ పిట్ట బతకాలంటే చిట్టడవి చెదరకూడదు. ఒంటిమిట్ట, రాజంపేట వైపు కొండల్లో ఎర్రచందనం ఉంది, ఆ దొంగ రవాణా వల్ల అడవి దారుల మీద నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి అడుగు పెట్టడం నేరం, పిల్లలతో ఉన్న కుటుంబానికి ప్రమాదం కూడా. వానల రోజుల్లో నది ఒడ్డు అసలు వద్దు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు వరద ఊళ్లకు ఊళ్లనే ముంచెత్తింది, ఆర్టీసీ బస్సులు కూడా ఆ నీళ్లలో చిక్కుకున్నాయి.

ఇక గండికోట. జిల్లాలో పర్యాటకం అనగానే డబ్బంతా అటే వెళ్తుంది. కేంద్రం 2024 నవంబరులో ఒక్క గండికోటకే రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. పెన్న లోయ, జామియా మసీదు, మాధవరాయ గుడి, ధాన్యాగారం... చూడాల్సిన చోటే, సందేహం లేదు. కానీ అది జమ్మలమడుగు నుంచి మరో 15 కిలోమీటర్లు. సొంత కారున్నవాడికి పావుగంట, లేనివాళ్లకు ఆటో బేరం. సౌండ్ అండ్ లైట్ షోలకు, రిసార్టులకు లెక్కలు వేసేటప్పుడు "రోజుకు ఎన్ని బస్సులు, ఆఖరిది ఎన్నింటికి" అన్న లెక్క కూడా వేయాలి. అది వేయకపోతే ఆ కోట్లన్నీ కార్లలో వచ్చేవాళ్ల కోసం ఖర్చు పెట్టినట్టే.

భయం సంగతీ దాచుకోవడానికి లేదు. 2025 జులైలో గండికోటలో ఓ ఇంటర్ విద్యార్థిని శవమై దొరికిన తర్వాత ఈ జిల్లాలో ఆడపిల్లల తల్లిదండ్రులు నిద్రపోలేదు. అలాంటివి జరిగినప్పుడు ఇళ్లలో వచ్చే మొదటి తీర్పు ఒకటే, పిల్లలను బయటికి పంపొద్దు. అర్థం చేసుకోదగ్గ మాటే, కానీ దాని ఫలితం తిరగబడుతుంది. కుటుంబాలు రావడం మానేసిన కొద్దీ ఆ చోట్లు ఇంకా నిర్మానుష్యం అవుతాయి, నిర్మానుష్యమైన కొద్దీ ఇంకా భయం. చెరువు కట్ట మీద పది కుటుంబాలు నడుస్తుంటే పదకొండో కుటుంబానికి ధైర్యం వస్తుంది. నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లలు, తోడుగా ఓ మామూ గానీ చిన్నాన్న గానీ, ఇలా కలిసి బయల్దేరే అలవాటు ఉరుసుల పుణ్యమా అని మనవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఆదివారం నడకకు మళ్లించడమే.

"ఆడవాళ్లకు ఈ షికార్లేంటి" అనేవాళ్లకు జవాబు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. భూమి మీద సంచరించి, సృష్టి ఎలా మొదలైందో చూడమని ఖుర్ఆన్ అన్‌కబూత్ సూరాలో చెబుతుంది. ఒక ప్రయాణంలో ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్న సంగతి హదీసుల్లో ఉంది. పర్దా పాటిస్తూ కట్ట మీద నడవడం వీటికి మించిన సాహసం కాదు.

బస్సునూ నడకనూ కలిపి ఆలోచించిన ప్రభుత్వాలు లోకంలో లేకపోలేదు. హాంకాంగ్ అంటే ఆకాశహర్మ్యాలే అనుకుంటాం గానీ, ఆ నేలలో దాదాపు నలభై శాతం కంట్రీ పార్కులే. అక్కడ 1979లో తెరిచిన మెక్‌లహోస్ నడకదారి వంద కిలోమీటర్లు, పది ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల్లో చాలావాటి దగ్గరికి బస్సులోనే వెళ్లిరావచ్చు. ఇరుకు ఫ్లాట్లలో ఉండే కూలీ కుటుంబం కూడా ఒక పూట కొండ చూసి వస్తుంది. ఇంగ్లండులో అయితే నడిచే హక్కు కోసం జైలుకే వెళ్లారు. 1932లో మాంచెస్టర్ ఫ్యాక్టరీ కుర్రాళ్లు జమీందార్ల వేట భూముల్లో ఉన్న కిండర్ స్కౌట్ కొండ మీదికి గుంపుగా నడిచారు, ఐదుగురికి శిక్ష పడింది. అలాంటి బంజరు కొండల మీద అందరూ నడవొచ్చని చట్టం రావడానికి 2000 దాకా పట్టింది.

ఒంటిమిట్టలో ఎవరూ జైలుకు వెళ్లాల్సిన అవసరం లేదు, కావాల్సినవి చిన్నవి. కడప-రేణిగుంట జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది, బస్సు దిగిన కుటుంబం లారీల మధ్య పరుగులు తీయకుండా రోడ్డు దాటే ఏర్పాటు కావాలి. తిరుగు బస్సుల వేళలు తెలుగులో, ఉర్దూలో రాసిన బోర్డు కావాలి. గుడి చుట్టూ ఉన్న వసతులు భక్తుల కోసం కట్టినవి. చెరువు కట్టకో, సిద్ధవటం కోటకో నడిచి వెళ్లే ఆడవాళ్లను లెక్కలో పెట్టుకుని కట్టే మరుగుదొడ్డి, నాలుగు వేపచెట్ల నీడ, కూర్చోవడానికి రెండు అరుగులు వేరే కావాలి. ఇమాంబేగ్ బావి దగ్గర ఆ కథ చెప్పే పలక ఒకటి ఉర్దూలో కూడా ఉంటే, చదివిన పిల్ల ఇంటికొచ్చి నానీమాకు చెబుతుంది. సిద్ధవటం కోట కేంద్ర పురావస్తు శాఖ కిందిది కాబట్టి అక్కడి పనులకు వాళ్లను అడగాలి.

2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులే. ఆదివారం పొద్దున ఒక సర్వీసు, సాయంత్రం చీకటి పడేలోపు తిరుగు సర్వీసు ఖాయంగా ఉండేలా చూడమని డిపో మేనేజర్‌కు అర్జీ ఇవ్వొచ్చు. మిగతావాటికి ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు కలిసి ఒక్క కాగితం రాసి, కింద ఆడవాళ్ల సంతకాలే ఎక్కువ ఉండేలా చూసి ఇస్తే దాని బరువు వేరు. మార్చి దాటితే ఎండలు వచ్చేస్తాయి. చలికాలంలో ఒంటిమిట్ట చూడాలనుకునేవాళ్లకు అంతలోపు ఉన్న ఆదివారాలే దిక్కు.