ముల్లు చెప్పిందే వేదమా?

మా మనవరాలు అటక మీంచి పాత ఫిల్ము కెమెరా దింపింది. "అమ్మమ్మా, మీటరు ముల్లు ఇంకా కదులుతోంది! ఇక ఫోటోలకి ఢోకా లేదు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటారా?

1982లో మా చెల్లెలి పెళ్ళిచూపుల ఫోటో ఆ కెమెరాతోనే తీశారు మా బావగారు. కొత్తగా సున్నం వేసిన గోడ ముందు నిలబెట్టి, "ముల్లు మధ్యకొచ్చింది, తిరుగులేదు" అన్నారు. తీరా చూస్తే గోడ బూడిదరంగు, పిల్ల మొహం మసకచీకటి! "అమ్మాయి నలుపు" అని పెళ్ళివారు ఫోటో తిప్పిపంపారు. ఇంట్లోవాళ్ళు సున్నిపిండి మీద పడ్డారేగానీ, ముల్లుని ఒక్కరు తప్పుపడితే ఒట్టు!

అసలు ఆ మీటరుకి తెలిసిందేమిటండీ? ఎదురుగా ఉన్నదంతా సగటున బూడిదరంగేనని దాని నమ్మకం. అంటే, మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పికొట్టే రంగన్నమాట. సున్నపుగోడ అంతకు నాలుగు రెట్లు తిప్పికొడుతుంది. దాంతో మీటరు హడలిపోయి వెలుతురు తగ్గించమంటుంది. గోడతోపాటు మనిషీ నల్లబడుతుంది. వెనకాల నల్లటి తెర ఉంటే అదే మీటరు మొహాన్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది!

1935లో జర్మనీలో వచ్చిన కాంటాఫ్లెక్స్‌లోనే మీటరుంది. 1960లలో మీటర్లు లెన్సులోంచే చూడటం నేర్చాయి. చూపు మెరుగైందిగానీ, ఏది గోడో ఏది మొహమో తెలిసే బుద్ధి రాలేదు.

అయితే మీటరు వద్దంటారా? అననండి. గరిటె కొలతుందని ఉప్పు చూడటం మానేస్తామా? మనిషి ఉన్న వెలుతురులోనే మీ అరచేతిని దగ్గరగా పెట్టి కొలవండి. అరచెయ్యి ఆ బూడిదకంటే తెలుపు కనుక, మీటరు చెప్పినదానికి ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వండి. తర్వాత ముల్లు ఎటు పోయినా పట్టించుకోకండి. మనవరాలికీ ఇదే నేర్పాను.

"ఇంతకీ ఆ పెళ్ళివారు మంచి ఫోటో చూసి ఒప్పుకున్నారా?" అనడిగింది. మళ్ళీ పంపితేగా! ముల్లుకి బుద్ధి లేదు, క్షమించవచ్చు. బుద్ధుండీ పిల్లని ఒక్క రంగుతో కొలిచేవాళ్ళని ఏమనాలి?